డిసెంబరు బోణీ

మొన్న డిసెంబరు మూడో తారీఖున షట్టర్ సగం ఎత్తానో లేదో, ఒక పెద్దాయన స్వీటు డబ్బా పట్టుకొని మెట్టు మీద నిలబడి ఉన్నాడు. డబ్బాలో స్వీట్లు లేవు. పాత క్యాసెట్ ఒకటి, దాంట్లోంచి బయటికొచ్చి చిక్కుపడిపోయిన గోధుమరంగు టేపు. "నమిలేసింది" అన్నాడు. ఏ పాటలో ఆయన చెప్పకముందే నాకు తెలిసిపోయింది. ఈ నెలలో నా దగ్గరికి వచ్చే క్యాసెట్లు ఎక్కువగా అవే. బోనీ ఎమ్ అనే గుంపు పాడిన ఇంగ్లీషు పాటలు. మన షాపుకు డిసెంబరు బోణీ ఎప్పుడూ బోనీతోనే అని మా ఆవిడ నవ్వుతుంది. అడ్వాన్సుగా ఆయనిచ్చిన వంద నోటు కళ్లకద్దుకొని గల్లాలో వేసుకున్నాను.

చిలకలగూడలో నాది చిన్న రిపేరు షాపు. ఇల్లు గడిచేది మిక్సీల మీద, ఇండక్షన్ స్టవ్‌ల మీద. పాత క్యాసెట్లు బాగుచేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం నా సరదా పని. దాంట్లో మిగిలేది తక్కువ. డెక్కు బెల్టుల కోసం కోఠీలో గుజరాతీ గల్లీకి పోయి రావడానికే సగం ఖర్చయిపోతుంది. అక్కడ కూడా ఇప్పుడు బెల్టు అడిగితే "ఇంకా చేస్తున్నారా భాయ్" అని నవ్వుతారు.

నలిగిన టేపును ముందు గోటితో మెల్లగా సాపు చేయాలి. మరీ ముడతలు పడిపోయిన ముక్క ఉంటే కోసేసి, రెండు కొసలూ అతికించాలి. క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే పది సెంటీమీటర్లు కోస్తే పాటలో రెండు సెకన్లు ఎగిరిపోతాయి. పెద్దాయనకు అదే చెప్పాను. ఫోన్లో ఇదే పాట శుభ్రంగా, ఉచితంగా దొరుకుతుందని కూడా చెప్పాను. నా బేరం నేనే చెడగొట్టుకునే అలవాటు నాకు మొదటినుంచీ ఉంది.

"అది వద్దు. ఇందులోదే కావాలి" అన్నాడు.

నేను మళ్లీ అడగలేదు. నా దగ్గరా ఒకటుంది కదా.

1983లో నేను ఎనిమిదో తరగతి. మాది సౌత్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్. నాన్న క్యారేజ్ వర్క్‌షాప్‌లో ఫిట్టరు. అప్పట్లో ఖాళీ క్యాసెట్ తీసుకెళ్లి పాటల చిట్టీ ఇస్తే ఎక్కించిచ్చే షాపులుండేవి. మోండా మార్కెట్ వైపు ఒక షాపులో నేను ఎక్కించుకున్న దాని మీద ఆ కుర్రాడు పెన్నుతో తెలుగులో "బోనియం" అని రాసిచ్చాడు. చాలా రోజులు అదేదో ఊరి పేరనుకున్నాను. తర్వాత ఇంకో షాపు అద్దానికి అంటించిన పోస్టర్ చూశాను. మెరిసే బట్టల్లో ముగ్గురు ఆడవాళ్లు, మధ్యలో పెద్ద జుట్టుతో ఒక మగమనిషి. ఓహో, ఈయనే బోనియం అని తీర్మానించుకున్నాను. క్యాసెట్‌లో వినిపించే ఆ బొంగురు మగ గొంతు ఈయనదే అని మా తమ్ముడికి ఒట్టేసి చెప్పాను.

అందులో 'మేరీస్ బాయ్ చైల్డ్' అనే క్రిస్మస్ పాట ఉంది. ఆ పక్క చివర రెండు మూడు నిమిషాల టేపు మిగిలితే, వృథా ఎందుకని షాపు కుర్రాడు ఒక తెలుగు డ్యూయెట్ ఎక్కించేశాడు. ఈరోజుకీ ఏ మాల్‌లోనో బోనీ ఎమ్ పాట అయిపోతుంటే, నాకు తెలియకుండానే ఆ డ్యూయెట్ వయొలిన్ల కోసం ఎదురుచూస్తాను.

మా పక్క క్వార్టర్‌లో ఇంజన్ డ్రైవర్ అంకుల్, ఆంటీ. ఆంగ్లో ఇండియన్లు. డిసెంబరు వచ్చిందంటే వాళ్ల వరండాలో కాగితపు నక్షత్రం వెలిగేది, కేకు పిండి కలిపిన టిన్నులు రిక్షాలో బేకరీ భట్టీకి బయల్దేరేవి. టిన్నుల మీద ఎవరి పేరు వాళ్లు చీటీ అంటించుకునేవాళ్లు, బేకరీలో తారుమారు కాకుండా. ఒకసారి తారుమారై, ఎవరిదో ఎండుద్రాక్షలు లేని కేకు వచ్చింది. ఆ సంగతి ఆంటీ ఈస్టర్ దాకా చెప్పుకుంది.

ఓ సాయంత్రం నేను టేప్‌రికార్డర్ కిటికీలో పెట్టి ఫుల్ సౌండుతో ఆ పాట వేశాను. నాకైతే వాళ్ల పండగకి నేను చేస్తున్న మర్యాద అది. గోడ అవతలినుంచి ఆంటీ అరిచింది: "ఏం మ్యాన్, అది పాటా, బారాత్ బ్యాండా? బంద్ చేయ్. ఇక్కడికి రా."

వెళ్లాను. సూట్‌కేసులాంటి రికార్డు ప్లేయర్ తెరిచి, ఎల్పీ ఒకటి చీర కొంగులాంటి మెత్తని గుడ్డతో తుడిచి పెట్టింది. అదే పాట. కానీ డ్రమ్ములు లేవు, అదిరే బీట్ లేదు. ఒకే మగ గొంతు, ఎవరో చంటిపిల్లను నిద్రపుచ్చుతున్నంత నిదానంగా. "హ్యారీ బెలఫాంటే. ఇది ఒరిజినల్. నీ దగ్గరున్నది గోల" అంది ఆంటీ. నిజం చెప్పాలంటే నాకు నచ్చలేదు. కానీ ఎదురుగా ప్లేటు నిండా గులాబీ పువ్వులు, కల్‌కల్స్ ఉన్నాయి. కల్‌కల్స్ అంటే మన గవ్వలే అనుకోండి. అవి తింటూ పాట బాగాలేదని ఎలా చెప్తాం? "బాగుంది ఆంటీ" అన్నాను.

ఆంటీ చెప్పింది సగమే నిజం. బెలఫాంటేది ఒరిజినల్ కాదు. అది నాకు తెలియడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.

పాట కట్టినాయన పేరు జెస్టర్ హెయిర్‌స్టన్. 1901లో అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని బెలూస్ క్రీక్‌లో పుట్టాడు. ఆయన తాతా నాయనమ్మల తరం వాళ్లు తోటల్లో బానిసలుగా బతికినవాళ్లు. హెయిర్‌స్టన్ అనే ఇంటిపేరు ఆ తోటల యజమానులది. మనుషుల్ని కొన్నవాడి పేరే కొనబడినవాడి మనవడికి ఇంటిపేరు కావడం గురించి చదివినరోజు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. టఫ్ట్స్ యూనివర్సిటీలో 1929లో డిగ్రీ చేశాడు. బానిసల కాలంనాటి భక్తిపాటలను బృందగానాలుగా మలచడంలో పేరు తెచ్చుకున్నాడు. హాలీవుడ్‌లో బృందాలకు పాట నేర్పుతూ, మధ్యమధ్య సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేశాడు.

ఈయన ఒక స్నేహితుడితో కలిసి ఒకే గదిలో ఉండేవాడట. ఆ స్నేహితుడు ఒక పుట్టినరోజు పార్టీకి పాట కట్టివ్వమన్నాడు. పార్టీకి వచ్చేది ఎక్కువగా వెస్టిండీస్ వాళ్లు. అందుకని హెయిర్‌స్టన్ కాలిప్సో నడకలో కట్టాడు. కాలిప్సో ట్రినిడాడ్ వాళ్ల పద్ధతి. ఊళ్లో జరిగిన సంగతుల మీద, పెద్దమనుషుల వేషాల మీద మనవాళ్లు పాట కట్టినట్టే వాళ్లూ కడతారు, లయ మాత్రం నడుం ఊగేలా ఉంటుంది. ఆ పుట్టినరోజు పాటలో దేవుడూ లేడు, బెత్లెహేమూ లేదు. దాని పేరులో ఉన్నవి పోన్, చాక్లెట్ టీ. పోన్ అంటే మక్కపిండితో చేసే రొట్టె. అంటే మా అమ్మమ్మ జనగామలో చేసిన మక్కరొట్టెకు చుట్టమన్నమాట! ఆ పాటను ఎవరూ రికార్డు చేయలేదు. పార్టీ అయింది, రొట్టెలు అయిపోయాయి, పాట కూడా అక్కడితో అయిపోవాల్సింది.

కొన్నాళ్లకు వాల్టర్ షూమన్ అనే బృంద నిర్వాహకుడు, మా వాళ్లు పాడటానికి కొత్త క్రిస్మస్ పాట ఒకటి రాసివ్వమని హెయిర్‌స్టన్‌ని అడిగాడు. ఆయనకు ఆ పాత లయ గుర్తొచ్చింది. మక్కరొట్టె తీసేసి పసిబాలుణ్ణి పెట్టాడు. నాకు ఈ పనితనం భలే నచ్చుతుంది. పాత మిక్సీ మోటారు తీసి కొత్త బాడీలో బిగించడం లాంటిది. బిగించినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ బృందం పాడుతుంటే విన్నాడు హ్యారీ బెలఫాంటే. నేను పాడుకోవచ్చా అని అడిగాడు. బెలఫాంటే 1927లో న్యూయార్క్‌లోని హార్లెంలో పుట్టాడు. చిన్నతనంలో కొన్నేళ్లు జమైకాలో అమ్మమ్మ దగ్గర పెరిగాడు కాబట్టి ఆ ద్వీపాల యాస ఆయనకు అరువు తెచ్చుకున్నది కాదు. 1956లో 'కాలిప్సో' అనే ఎల్పీతో అమెరికా అంతా ఆయన పేరు మోగింది. అదే ఏడాది ఈ పాటా రికార్డు చేశాడు. 1957 చివర్లో ఇంగ్లండులో అది ఏడు వారాలు నంబర్ వన్‌గా నిలబడింది, ఆ ఒక్క దేశంలోనే పది లక్షల పైచిలుకు రికార్డులు అమ్ముడయ్యాయి. తర్వాత ఆయన మార్టిన్ లూథర్ కింగ్‌కు ఆప్తుడై, నల్లజాతివాళ్ల హక్కుల ఉద్యమానికి డబ్బు పోగుచేసి, తనూ పెట్టాడు. 2023లో 96 ఏళ్ల వయసులో పోయాడు. ఆరోజు ఆంటీ ఎల్పీ తీసి ఒకసారి వేశాను.

ఆ ఎల్పీ నా దగ్గరికెలా వచ్చిందంటే, 1989లో వాళ్లు పెర్త్‌కు వెళ్లిపోయారు. ఆ రోజుల్లో మా క్వార్టర్స్‌లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒక్కొక్కటే ఆస్ట్రేలియాకు కదిలిపోతూ ఉండేవి. మంచాలు, బీరువా, కుట్టుమిషను అన్నీ అమ్మేశారు. రికార్డు ప్లేయర్ కూడా ఎవరో కొనుక్కుపోయారు. ఎల్పీ మాత్రం నాకిచ్చి, "మంచి పాట ఏదో నీకు తెలియాలి మ్యాన్" అంది ఆంటీ. దాన్ని వేసుకోవడానికి నా దగ్గర ప్లేయర్ లేదు. ఏడేళ్ల తర్వాత జుమ్మేరాత్ బజార్‌లో చెడిపోయినది ఒకటి దొరికితే బాగుచేసుకున్నాను. అప్పటికి నాకు ఇరవై ఆరు. అప్పుడు విన్నాను, అసలు వినడం అంటే. ఆంటీ కరెక్టే. గొంతు విషయంలో బెలఫాంటే దగ్గరికి ఎవరూ రారు. ఒప్పుకోవడానికి మాత్రం ఆంటీ అందుబాటులో లేదు.

అయినా కాళ్లు ఆడేది మాత్రం బోనియంకే. ఆ విషయంలో నేను మారలేదు.

ఇక బోనియం కథ. 2010 చివర్లో పేపర్లో ఒక చిన్న వార్త చూశాను. బాబీ ఫారెల్ మృతి. ఫోటో చూస్తే మన పోస్టర్ మనిషే! అరూబా ద్వీపంలో పుట్టినవాడు, డిసెంబరు 30న రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, ప్రోగ్రాం ఇచ్చిన మర్నాడు హోటల్ గదిలో పోయాడు. వాళ్ల 'రస్పుటిన్' పాట తెలిసినవాళ్లకు ఇంకో సంగతి: రష్యా రాజకుటుంబానికి దగ్గరైన సాధువు ఆ రస్పుటిన్ చంపబడిందీ అదే ఊళ్లో, అదే తేదీన, 1916లో. ఇలాంటివి కథలో రాస్తే ఎవరూ నమ్మరు.

ఆ వార్త పట్టుకొని ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి చదవడం మొదలుపెడితే నా ఒట్టు అబద్ధమని తేలింది. ఆ బొంగురు గొంతు బాబీది కాదు. ఫ్రాంక్ ఫారియన్ అనే జర్మన్‌ది. అసలు పేరు ఫ్రాన్జ్ రాయిథర్, వంట పని నేర్చుకొని పాటల్లోకి వచ్చినవాడు. 1975లో ఒక డాన్సు పాట తనే పాడుకున్నాడు. లావు గొంతూ ఆయనదే, సన్న గొంతూ ఆయనదే. తన పేరుతో వేయడం ఇష్టంలేక, టీవీలో వచ్చే ఆస్ట్రేలియా డిటెక్టివ్ సీరియల్ హీరో 'బోనీ' పేరు తీసుకొని, చివర 'ఎమ్' తగిలించాడు. పాట ఆడింది. టీవీలవాళ్లు పాడినవాళ్లను పంపమన్నారు. పాడినవాళ్లెక్కడున్నారు? అప్పుడు మనుషుల్ని వెతికి గుంపు కట్టాడు. జమైకాలో పుట్టిన లిజ్ మిచెల్, మార్షా బారెట్ రికార్డుల్లో నిజంగా పాడారు. మాంట్‌సెరాట్‌లో పుట్టిన మేజీ విలియమ్స్, బాబీ ఫారెల్ స్టేజీ మీద కనిపించేవాళ్లు. రికార్డులో వాళ్ల గొంతులు లేవు.

1978 ఆ గుంపుకు బంగారం లాంటి ఏడాది. 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' ఇంగ్లండులో నంబర్ వన్. అది కూడా జమైకా వాళ్లు అంతకుముందు పాడుకున్న పాటే, మాటలు బైబిల్ కీర్తనలోవి. ఏడాది చివర ఫారియన్ ఈ క్రిస్మస్ పాట తీసుకొని, దాని తోకకు 'ఓ మై లార్డ్' అనే కొత్త ముక్క అతికించి వదిలాడు. నేను అతికించే టేపులాగా రెండు సెకన్లు పోవడం కాదు, పాటలో కొత్త రచయితలకూ వాటా వచ్చింది. ఇంగ్లండులో నాలుగు వారాలు నంబర్ వన్, 18 లక్షలకు పైగా కాపీలు. ఆ డిసెంబరులోనే వాళ్లు మాస్కోలో ప్రోగ్రాం ఇచ్చారు. అక్కడ 'రస్పుటిన్' మాత్రం పాడనివ్వలేదు.

ఫారియన్ తర్వాత ఇదే కిటుకు మిల్లి వనిల్లి అనే ఇద్దరు కుర్రాళ్లతో చేశాడు. 1989లో అమెరికాలో ఒక వేదిక మీద వెనక నడిచే రికార్డింగ్ ఇరుక్కుపోయి ఒకే ముక్క మళ్లీ మళ్లీ మోగింది. రిపేరువాణ్ణి కాబట్టి నాకు ఇక్కడ జాలి ఆ మిషను మీదే కలుగుతుంది. 1990 నవంబరులో ఫారియనే ఒప్పుకున్నాడు, ఆ కుర్రాళ్లకిచ్చిన గ్రామీ అనే సంగీత బహుమతిని వెనక్కి తీసుకున్నారు. లోకమంతా మోసం మోసం అంది.

నాకు అప్పుడూ ఇప్పుడూ ఒక తిక్క సందేహం. మా నాన్న 'రామారావు పాట పెట్టరా' అనేవాడు. పాడింది ఘంటసాల అని ఆయనకు తెలియదా? తెలుసు. అక్కినేనికి పాడిందీ ఘంటసాలే అనీ తెలుసు. అయినా అది రామారావు పాట, ఇది నాగేశ్వర్రావు పాట. పెదవులొకరివి, గొంతొకరిది అయితే మనకు మోసం అనిపించదు. చిన్నప్పటినుంచీ అలాగే విన్నాం. మరి బాబీ చేసిన తప్పేంటి? ఆలోచిస్తే నాకు ఒక్కటే తేడా కనబడింది. మన సినిమా మొదట్లో 'నేపథ్య గానం' అని ఒక అట్ట వేస్తారు. ఘంటసాల పేరు అక్కడ ఉంటుంది. పోస్టర్ మీద మాత్రం, బోనియం ఎవరో నాకెవరూ అట్ట వేసి చెప్పలేదు. నేను మా తమ్ముడికి ఒట్టేసి అబద్ధం చెప్పానంటే ఆ అట్ట లేకపోవడం వల్లే.

అదీగాక, పాట కట్టిన హెయిర్‌స్టన్ తనే ఒకరికి గొంతు అరువిచ్చాడు. 1963లో వచ్చిన 'లిలీస్ ఆఫ్ ద ఫీల్డ్' సినిమాలో సిడ్నీ పాయిటియర్ నన్‌లకు 'ఆమెన్' పాట నేర్పుతాడు. తెర మీద పాయిటియర్, వినబడేది హెయిర్‌స్టన్. ఆ వేషానికే పాయిటియర్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది. ఒక నల్లజాతి నటుడికి ఆ బహుమతి రావడం అదే మొదలు. హెయిర్‌స్టన్ 2000 జనవరిలో, తొంభై ఎనిమిదేళ్లు నిండాక పోయాడు. తన పుట్టినరోజు పాట లయ సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో గోడ దాటి కొట్లాట పెట్టిందని ఆయనకెలా తెలుస్తుంది?

సరే, పెద్దాయన సంగతి. శనివారం సాయంత్రం వచ్చాడు. టేపు సాపు చేసి, తొమ్మిది సెంటీమీటర్లు కోసి, అతికించాను. డెక్కులో టేపును చదివే హెడ్డును స్పిరిట్‌తో తుడిచి, దాని పక్కనుండే చిన్న స్క్రూ తిప్పుతూ పోతే మూసుకుపోయిన గొంతు ఒక్కసారిగా విచ్చుకుంది. ఆ స్క్రూ దొరికిన క్షణం కోసమే నేను ఈ పని వదలలేకపోతున్నాను. ఆయన స్టూలు మీద కూర్చొని చెవి డెక్కుకు ఆనించినట్టు వంగి విన్నాడు. అతుకు దగ్గర పాట చిన్నగా ఎగిరింది. ఆయన ముఖం కూడా కొద్దిగా కదిలింది. ఏమీ అనలేదు.

పాట అయ్యాక క్యాసెట్ అట్ట మీద నలుగురి ఫోటో నా ముందు పెట్టి అడిగాడు, "వీళ్లలో పాడింది ఎవరు?"

"ఈవిడ, ఈవిడ సార్. మగ గొంతు మనిషి ఈ ఫోటోలో లేడు" అన్నాను.

కళ్లజోడు సర్దుకొని బాబీ మీద వేలు పెట్టాడు. "మరి ఇతను?"

"డాన్సు చేసేవాడు."

పెద్దాయన ఫోటోను డబ్బాలో పెట్టుకుంటూ, "బాగా చేసేవాడు" అన్నాడు.